బడి సైన్సు పాఠంలోకి ఊరి ఇంజనీరింగ్ సమస్యలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల ఉన్నత పాఠశాలల్లో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పే తోటి ఉపాధ్యాయులు స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. తరగతి గదిలో చేసి చూసినవే ఎక్కువగా చెప్పాను.

ఇంజనీరింగ్ సమస్య అని దేనిని అంటున్నారు? సైన్స్ ఫెయిర్‌కు చేయించే ప్రాజెక్టుకూ దీనికీ తేడా ఏమిటి?

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పిల్లలతో థర్మాకోల్ ఆనకట్ట చేయించాను. నీలం రంగు వేశాం, చిన్న బల్బులు పెట్టాం, చూసినవారంతా మెచ్చుకున్నారు. వారం తరువాత అదే పిల్లలను, ఆనకట్ట అడుగు భాగం పైభాగం కంటే ఎందుకు వెడల్పుగా ఉంటుందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. వాళ్లు రంగులు వేయడం నేర్చుకున్నారే తప్ప నీటి పీడనం గురించి ఏమీ నేర్చుకోలేదు. ఆ తప్పు పిల్లలది కాదు, వాళ్లకు నేను ఇచ్చిన పనిలోనే ఆలోచించాల్సింది ఏమీ లేదు.

ఆనాటి నుంచి ఒక పనిని సమస్య అని పిలవాలంటే అందులో మూడు ఉన్నాయా అని చూస్తున్నాను. మొదటిది, ఆ ఇబ్బందిని నిజంగా పడుతున్న మనిషి ఒకరు ఊళ్లో ఉండాలి. రెండవది, బాగుపడిందో లేదో తేల్చి చెప్పగల కొలత ఒకటి ఉండాలి. మూడవది, డబ్బుకో సమయానికో సామగ్రికో ఒక హద్దు ఉండాలి. విజ్ఞాన శాస్త్రం ‘ఇది ఎందుకు ఇలా జరుగుతోంది’ అని అడుగుతుంది, ఇంజనీరింగ్ ‘ఈ హద్దుల్లో దీన్ని ఎలా చక్కబెట్టాలి’ అని అడుగుతుంది. రెండో ప్రశ్నకు జవాబు వెతికే పిల్లవాడికి మొదటి ప్రశ్న అవసరమని దానంతట అదే తెలిసివస్తుంది, కాబట్టి పాఠం పక్కకు పోతుందన్న భయం అక్కరలేదు.

అటువంటి సమస్యలు ఎక్కడ దొరుకుతాయి?

వెతకవలసిన పని లేదు. తరగతిలో సగం మంది ఇళ్లలో బోరు ఉంటుంది, వేసవిలో రేకుల గదిలో కూర్చోవడం అందరికీ అనుభవమే, భూదాన్ పోచంపల్లి, గద్వాల, నారాయణపేట వైపు పిల్లల ఇళ్లలో మగ్గం ఉంటుంది, మిర్యాలగూడ పిల్లలకు రైస్ మిల్లుల ఊక, బూడిద తెలుసు. పాఠం మొదలుపెట్టే ముందు రోజు ‘మీ ఇంట్లో గాని, చేనులో గాని ఏది సరిగా పనిచేయడం లేదు?’ అని ఒక చీటీ మీద రాయమనండి. ఒకసారి ఒక అమ్మాయి ‘మా బోరు ఆగాగి పోస్తది సార్’ అని రాసింది. ఆ ఒక్క వాక్యం మీద తొమ్మిదో తరగతి ‘పని, శక్తి’ పాఠం మొత్తం నడిచింది.

ఆ బోరు పాఠం ఎలా నడిచిందో వివరంగా చెప్పగలరా?

ముందుగా రైతు ఒప్పుకుంటే బోరు దగ్గరకు వెళ్లాం. మోటారు రైతే వేశాడు, పిల్లలెవరూ స్టార్టర్ డబ్బా దరిదాపులకు పోకుండా ముందే గీత గీశాం. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, అది నిండడానికి పట్టిన సమయాన్ని ముగ్గురు పిల్లలు విడివిడిగా ఫోన్‌లో కొలిచారు. 80 సెకన్లు పట్టిందనుకోండి, అంటే సెకనుకు 2.5 లీటర్లు, అంటే 2.5 కిలోల నీరు పైకి వస్తోందన్నమాట. నీరు 60 మీటర్ల లోతు నుంచి వస్తోందని రైతు చెప్పిన అంచనా. అయితే 2.5ను 9.8తోనూ 60తోనూ గుణిస్తే 1470 వాట్లు వస్తుంది. మోటారు పలక మీద 5 హెచ్‌పీ అని ఉంది, అది సుమారు 3730 వాట్లు. అంటే మోటారు ఇవ్వగలిగిన శక్తిలో దాదాపు 40 శాతం మాత్రమే నీటిని పైకెత్తడానికి ఉపయోగపడుతోంది.

ఇక్కడ ఆపేస్తే అది ఒక లెక్క మాత్రమే అవుతుంది. అసలు పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది. లోతు 60 మీటర్లని రైతు చెప్పింది మోటారు దింపిన లోతా, నీళ్లున్న లోతా? ఈ రెండూ ఒకటి కావు. మోటారు నడుస్తున్నకొద్దీ బోరులో నీటి మట్టం కిందికి దిగుతుంది కూడా. తాడు దింపి కొలుద్దామని ఒక అబ్బాయి అన్నాడు, కానీ అది మోటారు వైరులో చిక్కుకుంటుందని రైతు వారించాడు. మంచిది, కొలవలేనిదాన్ని ఎలా లెక్కలోకి తీసుకోవాలి? నిజమైన లోతు 50 మీటర్లయితే సామర్థ్యం 33 శాతానికి తగ్గుతుంది, 70 మీటర్లయితే 46 శాతానికి పెరుగుతుంది. కాబట్టి ‘సామర్థ్యం 40 శాతం’ అని కాకుండా ‘33 నుంచి 46 శాతం మధ్య’ అని రాయడమే నిజాయితీగల జవాబని పిల్లలు తామే తేల్చుకున్నారు. ఏ పుస్తకంలోని అభ్యాసంలోనూ ఈ ఆలోచన వాళ్లకు ఎదురుకాదు, ఎందుకంటే అక్కడ లోతు ముందే ఇచ్చేస్తారు.

మిగిలిన శక్తి ఎక్కడికి పోతోందన్న ప్రశ్న తరువాత వచ్చింది. పైపులో ఒరిపిడి, పాతబడిన పంపు రెక్కలు, వైండింగ్‌లో, అంటే మోటారు లోపలి తీగచుట్టలో, పుట్టే వేడి, ఇలా ఒక్కొక్కటీ ఒక్కొక్క పాఠానికి దారితీసింది. పదో తరగతి పిల్లలైతే వోల్టేజీ తగ్గినప్పుడు మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందని, ఆ వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో పెరుగుతుందని, అందుకే వైండింగ్ కాలిపోతుందని విద్యుత్తు పాఠంతో కలిపి అర్థం చేసుకోగలరు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్నారు కాబట్టి వృథా అయిన శక్తి రైతుకు బిల్లులో కనిపించదు. రీవైండింగ్‌కు పెట్టే ఖర్చులో, ఎండిపోయిన పొలంలో మాత్రం కనిపిస్తుంది. ఈ మాట ఆ అమ్మాయి చెప్పింది, నేను చెప్పలేదు.

బోరు ఆగాగి ఎందుకు పోస్తోందో చివరికి తేలిందా?

తేలింది. ఊట వచ్చే వేగం కంటే పంపు లాగే వేగం ఎక్కువ. నీటి మట్టం పంపు దాకా దిగినప్పుడల్లా గాలి లాగుతోంది. పిల్లలు మూడు పరిష్కారాలు రాశారు. పైపు దగ్గరి వాల్వును కొంత మూయడం, మధ్యలో విరామమిస్తూ నడపడం, తక్కువ హెచ్‌పీ మోటారు పెట్టడం. రైతు మొదటిదాన్ని ఒప్పుకున్నాడు, ఎందుకంటే దానికి ఖర్చు లేదు.

మన జిల్లా అనగానే ఫ్లోరైడ్ గుర్తుకొస్తుంది. దాన్ని పాఠంగా చెప్పవచ్చా?

తప్పకుండా చెప్పాలి. నల్లగొండ పిల్లలకు ఇంతకంటే దగ్గరి రసాయన శాస్త్రం మరొకటి లేదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు చాలా ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగి వంగిన కాళ్లతో, బిగుసుకుపోయిన వెన్నుతో ఉన్నారు కాబట్టి ఈ పాఠం చెప్పేటప్పుడు మాట తీరులో మర్యాద ఉండాలి, ఎవరినీ చూపించి చెప్పకూడదు.

భారత ప్రమాణాల సంస్థ నిర్ణయం ప్రకారం తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. మన నేల కింది గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి అది నీటిలోకి కరుగుతుంది. మరిగిస్తే పోతుందని ఇప్పటికీ చాలామంది నమ్ముతారు, దాన్ని లెక్కతోనే సరిదిద్దవచ్చు. లీటరుకు 2 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న 10 లీటర్ల నీటిని 8 లీటర్లయ్యేదాకా మరిగిస్తే ఆవిరి వెళ్లిపోతుంది గాని ఫ్లోరైడ్ వెళ్లదు, అంటే ఇప్పుడు లీటరుకు 2.5 మిల్లీగ్రాములు.

ఇక సమస్య భాగానికి వస్తే, ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరుతో తెలిసిన పద్ధతి ఒకటి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో దీన్ని రూపొందించారు. నీటిలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పి, మడ్డి అడుగుకు దిగాక పైనీటిని వడకట్టుకుంటారు. పటిక నుంచి ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని కిందికి దిగుతుంది, పటిక వల్ల పెరిగే ఆమ్లత్వాన్ని సున్నం సరిచేస్తుంది. తమ జిల్లా పేరు ఇతర దేశాల పాఠ్యపుస్తకాల్లో ఉందని తెలిసినప్పుడు పిల్లల ముఖాల్లో వచ్చే మార్పును నేను ప్రతి ఏటా చూస్తున్నాను.

దీన్ని నాలుగు సీసాలతో చేయించవచ్చు. బడి తూనికతో 200 మిల్లీగ్రాముల పటికను తూచడం సాధ్యం కాదు, అందుకే ముందుగా 10 గ్రాముల పటికను లీటరు నీటిలో కరిగించమంటాను. అప్పుడు 20 మిల్లీలీటర్ల ద్రావణంలో సరిగ్గా 200 మిల్లీగ్రాములుంటుంది. గాఢత అన్న మాటకు అర్థం ఆ క్షణంలో పిల్లలకు చేతికి అందుతుంది. ఒక్కొక్క సీసాలో లీటరు బోరు నీళ్లు పోసి 20, 40, 60, 80 మిల్లీలీటర్ల ద్రావణం కలుపుతారు. సున్నం బరువు పటికలో సుమారు ఇరవయ్యో వంతు. గంట తరువాత ఏ సీసాలో మడ్డి బాగా దిగిందో, పీహెచ్ కాగితం ఏ రంగు చూపిందో, ఫ్లోరైడ్ పరీక్ష కిట్‌లో రంగు ఎంత మారిందో పట్టిక వేస్తారు. నీటి శుద్ధి కేంద్రంలో ఇంజనీర్లు చేసే జార్ టెస్ట్ ఇదే. ఆ నీటిని ఎవరూ తాగకూడదన్న నియమం మాత్రం కఠినంగా ఉండాలి.

ఆ తరువాత అడగవలసిన ప్రశ్న ఇది: ఇంత మంచి పద్ధతి ప్రతి ఇంట్లో ఎందుకు నిలవలేదు? పిల్లలు ఇళ్లలో అడిగి వస్తారు. రోజూ కొలిచి కలపాలి, ఏ బోరు నీటికి ఎంత పటిక పడుతుందో దాని ఫ్లోరైడ్, క్షారత్వాలను బట్టి మారుతుంది, మడ్డిని పారబోయడానికి చోటు కావాలి, పటిక ఎక్కువైతే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. పొద్దున్నే కూలికి పోయే తల్లికి ఇవన్నీ చూసే తీరిక ఎక్కడిది? చివరికి కృష్ణా నీటిని శుద్ధి చేసి పైపుల ద్వారా తెచ్చే దారినే ఎంచుకున్నారు, మిషన్ భగీరథ కూడా చేసింది అదే. రసాయనికంగా సరైన పరిష్కారం వాడుకలో ఎందుకు ఓడిపోతుందో అర్థమైన పిల్లలు తరువాత ఏ పరికరం చేసినా ‘దీన్ని రోజూ వాడేది ఎవరు?’ అని ముందే అడుగుతారు.

సిలబస్ పూర్తి కాదు కదా?

ప్రతి పాఠానికీ ఇలా చేయాలని నేను అనడం లేదు. ఏడాదికి రెండు సమస్యలు చాలు, ఒక్కొక్కదానికి ఐదు లేదా ఆరు పీరియడ్లు. ఆ పీరియడ్లు పాఠానికి అదనం కాకుండా పాఠం స్థానంలోనే ఉండాలి. పని, శక్తి అధ్యాయంలోని సూత్రాలన్నీ బోరు దగ్గరే వస్తే వాటిని మళ్లీ బోర్డు మీద చెప్పనక్కర లేదు, అభ్యాసంలోని లెక్కలను ఒక పీరియడ్‌లో చేయించవచ్చు. పదో తరగతిలో జనవరి తరువాత మాత్రం ఇలాంటివి పెట్టుకోవద్దు, అప్పుడు పిల్లలకు పరీక్షల ఒత్తిడి ఉంటుంది, దాన్ని గౌరవించాలి.

మా బడిలో ప్రయోగశాల లేదు, అటల్ టింకరింగ్ ల్యాబ్ రాలేదు. ఎలా?

నీతి ఆయోగ్ 20 లక్షల రూపాయల వరకు గ్రాంటుతో ఇచ్చే ఆ ల్యాబ్ ఉంటే సంతోషమే. లేకున్నా పైన చెప్పినవన్నీ డ్రమ్ము, ఫోన్, సీసాలు, పటికతో జరిగాయి. కొనక తప్పనివి రెండే: నాలుగు మంచి థర్మామీటర్లు, పీహెచ్ కాగితాలు.

వేసవిలో చేయదగిన చిన్న సమస్య ఏదైనా చెప్పండి.

రేకుల గది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేసరికే మన రేకుల కింద కూర్చోవడం కష్టమవుతుంది. ఒకే తీరు నూనె డబ్బాలు మూడు తెచ్చి, ఒకదాన్ని అలాగే వదిలి, రెండో దాని పైభాగానికి సున్నం పూసి, మూడో దాని మీద జానెడు ఎత్తున గోనెసంచి పందిరిలా కట్టించండి. లోపల థర్మామీటర్ వేలాడదీసి పదింటి నుంచి అరగంటకొకసారి రాయించండి. సున్నం ఎండను తిప్పి పంపుతుంది, గోనెసంచి ఎండను రేకు దాకా రానివ్వదు. వికిరణం, సంవహనం రెండూ అక్కడే కనిపిస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది, అందులోని ఆలోచన కూడా ఇదే.

హద్దులు పెట్టడం మరచిపోవద్దు. గది కప్పుకు పెట్టగలిగింది వెయ్యి రూపాయలే అనండి. కోతులు గోనెసంచిని పీకేస్తాయి. మొదటి వానకే సున్నం కొట్టుకుపోతుంది. అప్పుడు సున్నంలో ఏ జిగురు కలిపితే నిలుస్తుందన్న కొత్త సమస్య పుడుతుంది, దానికి మా ఊరి తాపీ మేస్త్రీ నాకంటే మంచి జవాబు చెప్పాడు.

నాగార్జునసాగర్‌కు విహారయాత్ర తీసుకెళ్తాం. అది చాలదా?

చూసి రావడం ఒకటి, ప్రశ్నతో వెళ్లడం మరొకటి. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు, గేట్లు 26. ఇవి ఫలకం మీదా ఉంటాయి. దానికి బదులు పిల్లలను రెండు ప్రశ్నలతో బస్సు ఎక్కించండి. 100 మీటర్ల లోతులో ప్రతి చదరపు మీటరు మీద నీటి పీడనం ఎంత? అది సుమారు 9 లక్షల 80 వేల పాస్కల్స్, అంటే గాలి పీడనానికి దాదాపు పది రెట్లు. రెండవది, ఇంత పెద్ద ఆనకట్టను రాతికట్టడంగా, వేలాది కూలీల చేతులతో ఎందుకు కట్టారు? ఆ రోజుల్లో మన దగ్గర ఏమి పుష్కలంగా ఉండేది, ఏమి కరువుగా ఉండేది? నల్లగొండ దగ్గర ఉన్నవారు పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్ట మీద ఇవే ప్రశ్నలు అడగవచ్చు, ఖర్చు కూడా తక్కువ.

నేను ఇంజనీర్‌ను కాను. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే?

తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరకు కలిసి వెళ్లండి. మోటారు మెకానిక్, తాపీ మేస్త్రీ, నేత కార్మికుడు, వీళ్లంతా బడికి రాదగిన నిపుణులే.

ఈ విషయంలో పిల్లలకు తప్పక చెప్పవలసిన మనిషి చింతకింది మల్లేశం. పూర్వపు నల్లగొండ జిల్లా ఆలేరు దగ్గరి శారాజీపేటలో నేత కుటుంబంలో పుట్టాడు. పోచంపల్లి చీరకు రంగుల అద్దకానికి ముందు ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న కొయ్యల చుట్టూ నూలును చేత్తో ముందుకూ వెనక్కూ వేల సార్లు తిప్పాలి. ఆ పని చేసే తల్లి లక్ష్మి భుజాలు నొప్పులు పెట్టడం చూడలేక, ఇంజనీరింగ్ చదువు లేకుండానే ఏళ్ల తరబడి విఫలమవుతూ 1999 నాటికి ఆసు యంత్రాన్ని తయారు చేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది. నేను ఈ కథ చెప్పేటప్పుడు పద్మశ్రీ దగ్గర ఆగను, విఫలమైన ఏళ్ల దగ్గర ఆగుతాను. చేయి కదలికను యంత్రం కదలికగా ఎలా మార్చాలో పిల్లలను బొమ్మ గీయమంటాను. వృత్తాకార చలనాన్ని అటూ ఇటూ కదిలే చలనంగా మార్చడం ఎంత కష్టమో ఆ కాగితం మీదే తెలుస్తుంది.

పిల్లల పరిష్కారం పనిచేయకపోతే మార్కులు ఎలా వేయాలి?

నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పని ఎలాగూ ఉంది, దాన్నే వాడుకోండి. పరికరం పనిచేసిందా లేదా అన్నదానికి నేను మార్కులు వేయను. సమస్యను కొలవదగిన మాటల్లో రాశారా, కొలతలు కనీసం మూడుసార్లు తీసుకున్నారా, మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైందో కారణం చెప్పి రెండో ప్రయత్నంలో ఒక్కటంటే ఒక్క మార్పు చేశారా అన్నది చూస్తాను. ఒకేసారి నాలుగు మార్పులు చేస్తే దేనివల్ల మేలు జరిగిందో తెలియదు. నోటుబుక్కులో కొట్టివేతలు ఉంటే వాటిని చెరిపించకండి, అందంగా తిరిగి రాయించకండి.

ఇంగ్లిష్ మీడియంలో చదువుతున్న పిల్లలతో ఈ చర్చ ఏ భాషలో చేయాలి?

చర్చ తెలుగులో, ఇంటి మాటల్లో జరగనివ్వండి. ఊట, తూము, అలుగు, మడ్డి అన్న మాటలతోనే పిల్లలు ఆలోచించగలరు, రైతును అడగగలరు. ఆలోచన కుదిరాక పుస్తకంలోని ఇంగ్లిష్ పదాన్ని దాని పక్కన రాయించండి. మాట ముందు, అర్థం తరువాత అన్న వరుసలో పోతే ఇద్దరు ముగ్గురు తప్ప మిగతావారు నోరు విప్పరు.

తల్లిదండ్రులు ‘బడికి పంపితే బోరు దగ్గర ఏం పని’ అంటే?

నాకూ ఇది ఎదురైంది. వాళ్ల ఆందోళన న్యాయమైనదే, పిల్లలు తమలా పొలంలో మిగిలిపోకూడదని కూలి చేసి చదివిస్తున్నారు. అందుకే ముందే ఇంటికి కబురు పంపి, ఏ పాఠం కోసం, ఎన్ని గంటలు, ఎవరి పర్యవేక్షణలో వెళ్తున్నామో చెప్పాలి. పని పూర్తయ్యాక పిల్లలు తమ లెక్కలను వాళ్ల ముందే చదివి వినిపించాలి. బోరు పాఠం ముగిసిన రోజు ఆ అమ్మాయి తండ్రి బడికి వచ్చి, వెనుక బెంచీ మీద కూర్చుని అంతా విన్నాడు. చివర లేచి, వాల్వును ఎంత మూస్తే డ్రమ్ము ఎన్ని సెకన్లకు నిండుతుందో మళ్లీ కొలిచి చెప్పమని బిడ్డను అడిగాడు. మరుసటి ఆదివారం ఇద్దరూ కలిసి కొలిచారు, సోమవారం ఆమె తెచ్చిన కాగితంలో ఐదు కొలతలున్నాయి.